పాత గోలీకి పెచ్చు లేస్తే: పాలిష్ పట్టించాలా, అలాగే ఉంచాలా?

"మా తాత నాటి గోలీ ఒకటుందన్నా. ఒక పక్క పెచ్చు ఊడింది. పాలిష్ పట్టిస్తే బాగుంటదా?" నెలకు రెండు మూడుసార్లయినా ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. ఒంగోలు నుంచి అడుగుతారు, కావలి నుంచి అడుగుతారు, నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట నుంచి ఒకాయన గోలీ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి మరీ పంపాడు. ఒక్కొక్కరికి విడిగా చెబుతున్నదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. పోయిన నెల నా సొంత గోలీ ఒకదాని గురించి నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

సోడాబుడ్డి పగిలినప్పుడు దొరికిన గోలీకి ఈ చర్చ అక్కర్లేదు. హైరమ్ కాడ్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు 1870ల్లో ఆ బుడ్డిని తయారుచేశాడు. అందులో గోలీ పని మూత పని, కాబట్టి సాదా గాజుతో సరిపోయింది. లోపల చారలుండవు. దాన్ని కడిగి దాచుకోండి, అంతే. నేను మాట్లాడేది లోపల రంగుదారాలు మెలితిరిగిన గోలీల గురించి. అంటే జర్మనీలో చేత్తో చేసినవి, ఆ తర్వాత అమెరికాలో మిషన్ మీద చేసినవి.

దెబ్బ తిన్న గోలీని ఏం చేయొచ్చు? అలాగే ఉంచొచ్చు, నూనె రాయొచ్చు, పైపైన మెరుగు పెట్టొచ్చు, పూర్తిగా అరగదీసి పాలిష్ పట్టించొచ్చు. పెచ్చులో రెసిన్ జిగురు నింపేవాళ్ళు, మంట మీద కరిగించి సరిచేద్దామనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ చివరి రెండింటి సంగతి ముందే తేల్చేస్తాను. రెసిన్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, అల్ట్రావయొలెట్ లైటు కింద అతుకు ఇట్టే బయటపడుతుంది. మంట మాట తలపెట్టనే వద్దు. ఒకే గోలీలో నాలుగైదు రంగుల గాజులుంటాయి. అన్నీ ఒకే తీరున సాగవు, ఒకే తీరున ముడుచుకోవు. వేడెక్కించిన గోలీని కొలిమిలో గంటల తరబడి మెల్లగా చల్లార్చకపోతే లోపలే చీలుతుంది.

అసలు తగువు అరగదీయడానికీ అలాగే ఉంచడానికీ మధ్యనే. దాన్ని తేల్చేది నా లెక్కలో పెచ్చు ఎంత పెద్దదన్నది కాదు. గోలీ బొడ్డు.

బొడ్డు అనే మాట నేను పెట్టుకున్నది. ఇంగ్లిష్‌లో పాంటిల్ అంటారు. జర్మనీలో తురింగియా కొండల్లో లౌషా అనే గాజుపనివాళ్ళ ఊరుంది. 1840ల్లో అక్కడ గోలీ కత్తెర ఒకటి వచ్చింది. కత్తెర అన్నానే గానీ ఒక కొసన చిన్న గిన్నె ఉంటుంది, ఇంకో కొసన కోసే అంచు ఉంటుంది. రంగుదారాలు పేర్చిన గాజుకడ్డీని మెత్తబడేదాకా వేడిచేసి, మెలితిప్పి, కొసను ఆ గిన్నెలో గుండ్రంగా తిప్పి తుంచేవాళ్ళు. తుంచిన చోట గరుకు మచ్చ మిగులుతుంది. కొన్నింట దాన్ని కాస్త అరగదీసి చదును చేసేవాళ్ళు, అప్పుడు చిన్న చిన్న ముఖాలు కనిపిస్తాయి. తల్లి నుంచి బిడ్డను వేరుచేసినట్టు కడ్డీ నుంచి గోలీని వేరుచేసిన గుర్తు అది. అందుకే బొడ్డన్నాను. మార్టిన్ క్రిస్టెన్సన్ అనే ఆయన ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌లో గోలీలు చేసే మిషన్‌కు 1905లో పేటెంటు పొందాడు. ఆ తర్వాత అమెరికాలో వచ్చిన మిషన్ గోలీలకు ఈ గరుకు బొడ్డుండదు. వేడి గాజుముద్ద గాడుల్లో దొర్లి గుండ్రమవుతుంది, అంతే.

గోలీ చేత్తో చేసిందా, మిషన్‌దా అని భూతద్దం పట్టి మొదట చూసేది ఇక్కడే. లోపల చారలుంటే అవి రెండు కొసల్లో కలిసే తీరును బట్టి కూడా కొంత చెప్పొచ్చు. ఒకే రంగు గోలీ అయితే, బొడ్డు తప్ప వేరే సాక్ష్యం దొరకడం కష్టం. అరగదీస్తే ఆ సాక్ష్యమే పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ కాలంలో చేత్తో చేసిన గోలీని పాతదని నమ్మించాలనుకున్నవాడు కొత్త బొడ్డును నున్నగా చెరిపేస్తాడు. కాబట్టి బొడ్డులేని పాత గోలీ అసలుదే అయినా అనుమానపు చూపు తప్పదు.

ఈ మాట చదివి నేర్చుకున్నది కాదు, పోగొట్టుకుని నేర్చుకున్నాను. మా తాత మద్రాసు మూర్ మార్కెట్లో కొన్న గోలీలు ఒక రేకుడబ్బాలో ఉండేవి. అందులో ఒక నల్లగోలీ మీద తెల్ల అంచుల మధ్య బంగారు పట్టీలు. లుట్జ్ అంటారు ఈ రకాన్ని. ఆ బంగారం నిజానికి రాగి, గాజులో సన్నటి స్ఫటికాలుగా మెరుస్తుంది. దాని మీద గోరంత పెచ్చు, రెండు నెలవంక పగుళ్ళు ఉండేవి. ఎనిమిదేళ్ళ కిందట దాన్ని తీసుకుని ఒంగోలు పక్కన ఒక రాళ్ళ పాలిష్ షెడ్డుకు వెళ్ళాను. అక్కడి మేస్త్రి చెయ్యి తిరిగిన మనిషి. గోలీని వెలుతురులో తిప్పి చూసి, "మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ లాగే ఉందే!" అన్నాడు. "అరగంటలో అద్దం చేసిస్తానన్నా" అన్నాడు. పుల్లకు లక్క పెట్టి గోలీని అంటించి, నీళ్ళు పోస్తూ, ముతక బిళ్ళ నుంచి సన్నబిళ్ళ దాకా మార్చుకుంటూ ఓపిగ్గా పట్టాడు.

పెచ్చు పోయింది. దాంతోపాటు బంగారమూ పోయింది. గెలాక్సీ రాయిలో బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి, రాయి లోతంతా ఉంటాయి. ఎంత అరగదీస్తే అంత కొత్త మెరుపు పైకి వస్తుంది. లుట్జ్ గోలీలో ఆ పట్టీ చర్మం మందాన ఉంటుంది, దాని కింద ఉత్త నల్లగాజే. రాయికి మేలు చేసిన పనే గోలీని చంపింది. తప్పు ఆ మేస్త్రిది కాదు, ఆయన అడిగింది చేశాడు. అడిగింది నేను. ఇంటికొచ్చి గచ్చు మీద దొర్లిస్తే తిన్నగా పోకుండా పక్కకు తిరిగింది. తర్వాత నెల్లూరు మూలాపేటలో ఉండే ఒక పెద్దాయనకు చూపించాను. నాకన్నా ముప్పై ఏళ్ళ ముందు నుంచి గోలీలు ఏరినవాడు. భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పి, "దీని బొడ్డేది నాయనా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

గోళాలు పట్టే అసలు మిషన్ ఉంటే గుండ్రం చెడదు, అది నిజం. మూడు గిన్నెల మధ్య గోలీ అన్ని వైపులా సమంగా అరుగుతుంది. అయినా లెక్క వేసి చూడండి. 19 మిల్లీమీటర్ల గోలీ మీద పెచ్చు అర మిల్లీమీటరు లోతుంది. అది మాయమవ్వాలంటే గోలీ అంతటా అర మిల్లీమీటరు తీయాలి. మిగిలేది 18 మిల్లీమీటర్లు. చూపుకు ఏం తేడా అనిపిస్తుంది గానీ, గాజులో 15 శాతం పొడై పోయినట్టు. 9 గ్రాముల గోలీ 7.6 గ్రాములకు దిగుతుంది. పైచారలు ఉండేది ఆ పోయిన పొరలోనే. నల్లగాజు మీద రంగుపోగులు అంటించిన 'ఇండియన్' రకానికైతే చెప్పేదేముంది, అందమంతా పైనే.

విలువ మాటకొస్తే, గోలీలను మింట్ (కొత్తదానిలా చెక్కు చెదరనిది), నియర్ మింట్, గుడ్, కలెక్టబుల్ అని తరగతులు చేస్తారు. పాలిష్ పట్టినది ఎంత తళతళలాడినా మింట్ కాదు, "పాలిష్ చేసినది" అని పక్కన రాయాల్సిందే. రాయకుండా అమ్మితే మోసం.

మధ్యదారి పైపై మెరుగు. బొడ్డు మీద మైనం కప్పి, ఫెల్టు చక్రం మీద గాజుకు మెరుగుపెట్టే సీరియం ఆక్సైడ్ పొడి తడిపి, మసకను మాత్రం తీయడం. సన్నగీతలు తగ్గుతాయి, పెచ్చు పోదు. తడి ఆరితే రాపిడికి ఒక పక్క వేడెక్కి గోలీ చిట్లుతుంది కూడా. ఓపిక, అనుభవం రెండూ ఉంటే ఇది ఒప్పుకోదగ్గ పనే. మామూలు గోలీల మీద ఏడాది చెయ్యి తిప్పుకున్నాక మొదలుపెట్టండి.

నూనె సంగతి చాలామందికి తెలియదు. గాజు వెలుతురును వంచే తీరుకూ నూనె వంచే తీరుకూ పెద్ద తేడా లేదు. గాజుకు సుమారు 1.5, పారఫిన్ నూనెకు 1.47, కొబ్బరినూనెకు 1.45. అందుకే నూనె రాసిన గోలీలో పైగీతలు, మసక కంటికి కనిపించకుండా పోతాయి. అమ్మేవాడు నూనె రాసి చూపిస్తే సబ్బునీళ్ళతో కడిగి చూపమనండి. ఇంట్లో కొబ్బరినూనె రాసి దాచేవాళ్ళూ ఉన్నారు. మార్గశిరం చలికి సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టే పెచ్చులోనూ తెల్లగా పేరుకుంటుంది, దానికి దుమ్ము పట్టుకుంటుంది. దాచడానికి నూనె పనికిరాదు. పాలిష్ పట్టిస్తే ఎలా ఉంటుందో ముందే చూసుకోవడానికి మాత్రం ఒక్క చుక్క నూనె చాలు.

ఆ చుక్కనూనె పరీక్ష ఎక్కువగా అక్కరకొచ్చేది సల్ఫైడ్ గోలీలకు. పాలిష్ వద్దనే నా పట్టుదల సడలేది కూడా వీటి దగ్గరే. తేట గాజు మధ్యలో తెల్లమట్టితో చేసిన గొర్రె, కుక్క, కోడి ఉంటాయి. బొమ్మ చుట్టూ పలుచని గాలిపొర ఉండబట్టి వెండిలా మెరుస్తుంది. ఆటలో దెబ్బలు తిని పైభాగమంతా మంచు పట్టిన అద్దంలా అయితే లోపల ఏముందో తెలియదు. కనిపించని బొమ్మకు అర్థం లేదు. అందం లోతున ఉంది కాబట్టి పైపొర పోయినా బొమ్మకు నష్టం లేదు, సేకర్తలు కూడా సల్ఫైడ్ పాలిష్‌ను మిగతా వాటికన్నా ఓర్చుకుంటారు. నూనె రాసి చూడండి. బొమ్మ చక్కగా ఉంటే తెలిసినవాడి చేత పట్టించండి. బొడ్డు వీలైనంత వదలమనండి. లోపలే చీలిక ఉంటే వదిలేయండి, రాపిడికి అది పెరుగుతుంది.

అలాగే ఉంచడమంటే పట్టించుకోకపోవడం కాదు. ప్లాస్టిక్ గిన్నె అడుగున మెత్తటి గుడ్డ పరిచి, గోరువెచ్చని సబ్బునీళ్ళలో ఒక్కొక్కటే కడగండి. రెండు గోలీలు కలిపి కడిగితే కొత్త నెలవంక మీ చేతుల్లోనే పుడుతుంది. ఇత్తడి చెంబు తోమినట్టు ఇటుకపొడి వాడొద్దు. గూడూరు పక్క చిల్లకూరు, కోట ఇసుక గాజు ఫ్యాక్టరీలకు పోతుంది కదా, ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో ఇసుకగా ఉన్నప్పుడు అది 7, గాజయ్యాక 5.5. ఇసుకరేణువు గాజును గీసేస్తుంది, ఇటుకపొడి నిండా ఉండేది అదే. రోహిణి కార్తె ఎండకు కాలిన కిటికీలో పెట్టి, మీద చన్నీళ్ళు పోయొద్దు.

చూపడానికి గాజు సీసా కన్నా వామనగుంటల పీట మేలు. సీసాలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. పీటలో పద్నాలుగు గుంటలు, గుంటకొకటి పెడితే దేని చోటు దానిది. కింద వెల్వెట్ గుడ్డ వేయండి. చూసేవాళ్ళ కోసం పెచ్చును కిందికి తిప్పి పెట్టుకోవచ్చు. అమ్మేటప్పుడు మాత్రం పెచ్చు పైకే ఉండాలి.

పోయిన నెల సంగతి చెబుతానన్నాను. తాత డబ్బాలోదే ఇంకో గోలీ. నడుమ పసుపుదారాల వల, బయట ఎరుపు తెలుపు పట్టీలు, బొడ్డు గరుకుగా చెక్కు చెదరకుండా ఉంది. ఆ బొడ్డుకు మూడు మిల్లీమీటర్ల దూరంలో పెచ్చు. ఊళ్ళో ఒక ప్రదర్శనకు ఇవ్వమంటే, "కొంచెం మెరుగు పెట్టిస్తే పోలా" అన్నారు ఇంట్లో. ఒక పూటంతా భూతద్దం కింద చూశాను. పెచ్చు అంచున పగులు ఒకవైపుకే విసనకర్రలా పరుచుకుంది. అది కిందపడి తగిలిన దెబ్బలా లేదు, గోలీకి గోలీ తగిలిన దెబ్బలా అనిపించింది. బొటనవేలు నేలకు ఆనించి, నడిమివేలు వెనక్కి వంచి ఎవరో గురి చూసి కొట్టారు. కడిగి, తుడిచి, పెచ్చు పైకే ఉండేట్టు పీటలో ఆరో గుంటలో పెట్టి ఇచ్చాను.

ప్రదర్శనలో ఒక పిల్లవాడు అన్నీ వదిలి దాని దగ్గరే నిలబడ్డాడు. "ఇది ఆడిందా తాతా?" అని అడిగాడు. ఆడిందన్నాను. తీసి చేతికిస్తే, గోరుతో ఆ పెచ్చును తడుముతూ చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.