పాత డెస్క్‌టాప్‌ని ఇన్నేళ్లు వాడాక కనెక్షన్ల గురించి నా మాట

2012లో వైజాగ్‌లో అసెంబుల్ చేయించి పర్లాకిమిడి తెచ్చుకున్న డెస్క్‌టాప్ ఇది. కోర్ ఐ3 2120 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, వీజీఏ అనే పాత రకం వీడియో కేబుల్ మీద మానిటర్. తర్వాత ఇంకో 4 జీబీ ర్యామ్ వేశాను, ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే డ్రైవ్) పెట్టాను. బోర్డూ ప్రాసెసరూ మాత్రం అప్పటివే. పెళ్లికార్డులు, దరఖాస్తులు, ప్రశ్నపత్రాలు తెలుగులోనూ ఒడియాలోనూ ఇంట్లోనే టైప్ చేసి ఇస్తుంటాను కాబట్టి ఇది మూలనపడితే ఆ రోజుకి పని లేనట్టే. ఇంతకాలం వాడిన మీదట గట్టిగా చెప్పగలిగేది ఒకటే. ఈ తరం మెషిన్లలో పార్టులు మొండివి, వాటిని కలిపే కేబుళ్లు, పిన్నులు, స్లాట్లే ముందు దెబ్బతింటాయి. "డిటెక్ట్ కావట్లేదు" అని కనబడగానే కొత్త పార్టు కోసం బరంపురమో పలాసో పరుగెత్తకండి.

మాది మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఊరు, వానాకాలం వచ్చిందంటే గోడలకే చెమ్మ పడుతుంది, ఇక క్యాబినెట్ లోపల సంగతి చెప్పాలా. ఎక్కువగా దెబ్బతినేది ర్యామ్ కాంటాక్టు. ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మీద ఏమీ రాదు, లోపల స్పీకర్ ఉంటే ఆగి ఆగి బీప్ కొడుతుంది. ప్లగ్ పూర్తిగా పీకేసి, పవర్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. అప్పుడు చేత్తో ఇనప క్యాబినెట్‌ని ఒకసారి ముట్టుకుని ర్యామ్ తీయండి. దాని అడుగున బంగారు రంగు గీతల్ని పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, స్లాట్‌లో దుమ్ముని మెత్తటి బ్రష్‌తో తీసి, రెండు చివర్లా క్లిప్పులు టక్కుమనే దాకా నొక్కండి. గరుకు కాగితంతో రుద్దమని కొందరు చెబుతారు, అస్సలు వద్దు, ఆ పూత చాలా పల్చన, ఒకసారి లేచిపోయిందంటే మళ్లీ రాదు.

హార్డ్ డిస్క్ విషయంలో మాత్రం నాకు తలప్రాణం తోకకొచ్చింది. పని మధ్యలో స్క్రీన్ బిగుసుకుపోయేది, రీస్టార్ట్ చేస్తే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే బోర్డు చూపించే సెట్టింగుల పేజీ) డిస్క్ పేరే ఉండేది కాదు, కాసేపు ఆపి వేస్తే మళ్లీ కనబడేది. గుణుపురంలో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు చూసి "మావయ్యా, డిస్క్ పోయింది, కొత్తది తీసుకో" అన్నాడు. నాకు మనసొప్పలేదు, అందులో ఎన్నో ఇళ్ల పెళ్లికార్డుల ఫైళ్లున్నాయి. ముందు డేటా వేరేచోట కాపీ చేసి, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ ఆరోగ్యం చూశాం. అందులో 5, 197 నంబర్ల వరసలు (అక్కడ 05, C5 అని కనబడతాయి) పెరుగుతుంటే డిస్క్ లోపలి పళ్లెమే పాడవుతోందని అర్థం, అప్పుడు కొత్తది కొనాల్సిందే. మాదాంట్లో ఆ రెండూ సున్నా. పెరిగింది 199వ వరస (అక్కడ C7), దాని పేరు సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్. డిస్క్‌కీ బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడిపోతున్నప్పుడు ఈ లెక్క పెరుగుతుంది, అంటే చాలావరకు కేబుల్ తప్పే. క్యాబినెట్ విప్పి చూస్తే డిస్క్‌ని బోర్డుకి కలిపే ఎర్ర సాటా కేబుల్ డిస్క్ దగ్గర నిలువుగా మడతపడి ఉంది, ప్లాస్టిక్ కొన కొంచెం చీలి, వేలు తగిలితే ఊగుతోంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తబోయామన్నమాట. ఇనప క్లిప్పు ఉన్న కొత్త కేబుల్ వంద రూపాయల లోపే దొరికింది, బోర్డు మీద వేరే పోర్టుకి తగిలించాను. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, ఆ 199 లెక్క మళ్లీ సున్నా అవదు. కేబుల్ మార్చిన రోజు ఎంత ఉందో రాసి పెట్టుకుని, ఆ తర్వాత పెరుగుతోందా లేదా అని చూసుకోవాలి. నాది అక్కడే ఆగిపోయింది. మేనల్లుడు ఇప్పుడు వాళ్ల హాస్టల్‌లో ఎవరి డిస్క్ పోయిందన్నా ముందు ఆ నంబరే చూస్తున్నాడట.

యూఎస్‌బీకి వస్తే, క్యాబినెట్ ముందు పోర్టుల్ని నేను నమ్మను. అవి బోర్డుకి నేరుగా ఉండవు, లోపల సన్నటి తీగలతో ఒక 9 పిన్నుల కనెక్టర్‌కి వెళ్తాయి, ఆ దారిలోనే కరెంటూ సిగ్నలూ రెండూ తగ్గుతాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేదే 500 మిల్లీ ఆంపియర్లు, దాని మీద ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెడితే ఒక్కోసారి టిక్కు టిక్కుమంటూ ఆగిపోతుంది, అది డిస్క్ చావే కానక్కర్లేదు, కరెంటు చాలకపోవడం కావచ్చు. వెనక పోర్టుకి, పొట్టి కేబుల్‌తో, మధ్యలో హబ్ (ఒక పోర్టుని నాలుగైదు చేసే డబ్బా) లేకుండా పెట్టి చూడండి. విండోస్‌లో తగిలించిన వస్తువుల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 43 వస్తే డ్రైవర్ల కోసం వెతికే ముందు పోర్టు మార్చండి, కేబుల్ మార్చండి, అదే వస్తువుని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడండి. ప్రింటర్ ఒక్కోసారి కనబడి ఒక్కోసారి మాయమయ్యేది, కేబుల్ పొడవు చూస్తే 5 మీటర్ల పైనే. యూఎస్‌బీ 2.0కి అదే హద్దు. పొట్టి కేబుల్ వేశాక ఆ గొడవ లేదు.

మానిటర్ ఉన్నట్టుండి గులాబీ రంగులోకో పసుపు రంగులోకో తిరిగితే కంగారు పడకండి. వీజీఏలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరు పిన్నుల మీద వస్తాయి, ఒకటి వంగినా వదులైనా ఆ రంగు పోతుంది. పక్క స్క్రూలు రెండూ బిగించి ఉంచితే సగం బాధ తప్పుతుంది. పాత గుండ్రటి పీఎస్/2 కీబోర్డు అయితే కంప్యూటర్ ఆన్‌లో ఉండగా తీసి పెట్టకూడదు, ఆపి పెట్టి మళ్లీ వేస్తేనే పనిచేస్తుంది.

అసలు టెన్షన్ కరెంటుది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత మా గజపతి జిల్లాలో కరెంటు ఎలా ఉండేదో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. వచ్చినా నిలకడ ఉండేది కాదు. క్యాబినెట్ లోపల అన్నిటికీ కరెంటు పంచే ఎస్ఎంపీఎస్ డబ్బా ముసలిదైతే చూపించే లక్షణాలన్నీ కనెక్షన్ సమస్యల్లాగే ఉంటాయి, డిస్క్ మాయం, యూఎస్‌బీ ఊడిపోవడం, ఊరికే రీస్టార్ట్. బయోస్‌లో హార్డ్‌వేర్ మానిటర్ పేజీ తెరిచి 12 వోల్టుల వరస చూడండి, 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి. అనుమానంగా ఉంటే మీటర్ పెట్టించుకోండి. నాది 11.4కి కిందే, 11 పైన కొట్టుకుంటుంటే ఎస్ఎంపీఎస్ మార్చేశాను, ఈ మెషిన్ మీద నేను పెట్టిన ఖర్చుల్లో బాగా పనికొచ్చింది అదే. లేజర్ ప్రింటర్‌ని చిన్న యూపీఎస్‌కి తగిలించకండి, కాగితం మీద పొడిని కరిగించే హీటర్ వెలిగినప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగి యూపీఎస్‌ని పడగొడుతుంది. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంటే అది ఎర్తింగ్ లోపం. కంప్యూటర్ వాడటం అక్కడే ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

కొనమంటారా, ఉంచుకోమంటారా అంటే, సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటిది ఇప్పుడు కొత్తగా కొనమని చెప్పను. విండోస్ 11 దీని మీద అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. హెచ్61 బోర్డు సాటా వేగం సెకనుకి 3 గిగాబిట్లే, అయినా ఎస్ఎస్‌డీ పెట్టాక పాత డిస్క్‌తో పోలికే లేదు. ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం పాతసామాన్ల వాడికి వెయ్యొద్దు. నేను ఇంటర్నెట్‌కి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను, ప్రింటర్ డ్రైవర్ అడగకుండానే పట్టేసింది, తెలుగూ ఒడియా యూనికోడ్‌లో హాయిగా కొడుతున్నాను. యూనికోడ్ కాని పాత తెలుగు అను ఫాంట్లలో ఉన్న పాత కార్డుల కోసం విండోస్‌ని పక్కనే ఉంచాను, దానికి నెట్ తగిలించను. పాతపట్నం నుంచి కూడా కార్డులకి వస్తున్నారు, ఈ పెళ్లిళ్ల సీజన్‌కి ఇంకా దీని మీదే పని.