రీల్సా, ఓపెన్ మైకా? వరంగల్ నుంచి కామెడీ మొదలుపెట్టేవాళ్లకు ఏది మేలు?

వారానికి ఒక్కరైనా అడుగుతున్నారు. మొన్న కాకతీయ యూనివర్సిటీ పిల్లవాడు, అంతకుముందు ఎన్‌ఐటీలో చదివే అమ్మాయి. ప్రశ్న మాత్రం ఒకటే: "అన్నా, ఇక్కడే ఉండి రీల్స్ చెయ్యాల్నా, హైదరాబాద్ పోయి ఓపెన్ మైక్ ఎక్కాల్నా?" ఓపెన్ మైక్ అంటే కొత్తవాళ్లు కూడా పేరిచ్చి స్టేజీ ఎక్కి జోకులు చెప్పుకునే షో. రెండూ చేసి చూశాను కాబట్టి చెబుతున్నా. ఉద్యోగం పోలేదు, పేరూ రాలేదు. ఆ మాత్రం నమ్మొచ్చు.

రీల్స్‌ను తీసిపారేస్తే ఉత్తర తెలంగాణలో ఎవరూ ఊరుకోరు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో తీసిన మై విలేజ్ షో వీడియోలతోనే గంగవ్వ ఇంటింటికీ తెలిసింది. 2020లో బిగ్ బాస్ ఇంట్లో అడుగుపెట్టే నాటికే ఆమెను పరిచయం చేయాల్సిన పని లేదు. ఖర్చు కూడా తక్కువే: ఒక ఫోను, ఒక కాలర్ మైక్, విసుక్కోకుండా షూట్ చేసే దోస్తు. యూట్యూబ్‌లో 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు ఏడాదిలో 4,000 గంటల వాచ్‌టైమ్ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ గానీ దాటితే ప్రకటనల్లో వాటా అడగొచ్చు. కష్టమే, కానీ ఎంత ఎక్కాలో ముందే తెలుస్తుంది.

ఓపెన్ మైక్‌లో ఆ లెక్క లేదు. కొత్తవాళ్లకు నాలుగైదు నిమిషాల స్పాట్ ఇస్తారు, పైసా ఇవ్వరు. హనుమకొండ నుంచి హైదరాబాద్ దాదాపు 150 కిలోమీటర్లు. శనివారం మధ్యాహ్నం బస్సెక్కితే సాయంత్రానికి కేఫ్ చేరతాం. లైనప్‌లో మన పేరు చివర్న ఉంటుంది. మన వంతు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. అయిపోయాక ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడటం.

ఈ లెక్కన రీల్స్‌దే గెలుపు. అయినా నా ఓటు ఓపెన్ మైక్‌కే. ఎందుకో చెప్పాలంటే నా జోకు ఒకటి చెప్పాలి.

మా బాపు రైతు, మాది పరకాల దిక్కు పల్లె. వడ్లు అమ్మబోతే తేమ ఉందంటూ కొనేవాళ్లు తూకంలో కొంత కోసేయడం, అదే తరుగు, ఆయనకు జీవితమంతా అలవాటే. దాని మీద రీల్ చేశాను: ఇంటర్‌లో నాకు 900 మార్కులు వచ్చాయంటే బాపు "తరుగు పోను ఎంత రా?" అంటాడు. అరవై వేల వ్యూస్. కామెంట్ల నిండా "మా ఊర్లె గూడ గంతే అన్నా", "యాస సూపర్". జోకు బ్రహ్మాండంగా ఉందనుకున్నా.

అదే జోకు హైదరాబాద్ కేఫ్‌లో చెప్పాను. కాఫీ మిషన్ చప్పుడు స్పష్టంగా వినిపించింది. ముందు వరసలో ఒకాయన జాలిగా తలూపాడు. నిశ్శబ్దం కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. అక్కడున్నవాళ్లలో సగం మందికి తరుగంటే ఏమిటో తెలియదు.

తర్వాతి వారం తరుగంటే ఏమిటో వివరించి మరీ చెప్పాను. వ్యవసాయ శాఖ సదస్సులా సాగింది. మూడోసారి ఆ మాటే తీసేశాను. బాపు ఇంటికొచ్చి కూర్చుంటాడు. "వంద బస్తాలు పోతే తొంభై ఆరుకే పైసలిచ్చిన్రు." ఎందుకు బాపూ? "తేమ ఉన్నదట." ఆ వారమే నా రిజల్ట్స్. తొమ్మిది వందలొచ్చినయ్ బాపూ! బాపు తలెత్తడు. నేను మూడు సెకన్లు ఆగుతా. "అందుల తేమెంత రా?"

నవ్వారు. వరి పొలం ముఖం చూడనివాళ్లు కూడా నవ్వారు.

అప్పుడు అర్థమైంది, రీల్‌లో వచ్చిన నవ్వు నా జోకుది కాదని. కొంత తరుగు మీద కడుపుమంటది, కొంత యాసది. మనవాళ్లు మన యాస విని మురిసిపోతారు, బయటివాళ్లకు వింతగా ఉంటుంది. స్టేజీ మీద ఆ వింత అర నిమిషంలో అయిపోతుంది. మిగతా నాలుగు నిమిషాలు జోకే లాగాలి. ఏ మాట దగ్గర నవ్వు ఆగిందో రీల్ చెప్పదు. వ్యూస్ అంకె చూసి ఏ పదం కొట్టేయాలో, ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుంది? యాస మానేయమనడం లేదు. ఇండోర్ కుర్రాడు జాకిర్ ఖాన్ 2025లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కూడా హిందీలోనే షో చేశాడు.

ఉద్యోగం మానేయాలా అని కూడా అడుగుతారు. వద్దు. మన కనిగిరిలో పుట్టిన జానీ లీవర్ హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో పనిచేస్తూనే స్టేజీ షోలు చేశాడు. కంపెనీ ఫంక్షన్‌లో పై ఆఫీసర్లను అనుకరిస్తే తోటి కార్మికులు పెట్టిన పేరే లీవర్. షోలు పెరిగాక, 1981లో గానీ ఉద్యోగం వదల్లేదు. మకాం మార్చాల్సిన పనీ లేదు. మిమిక్రీతో ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లొచ్చిన నేరెళ్ల వేణుమాధవ్ గారిది వరంగలే. హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో ఆయన పేరున్న కళాప్రాంగణం ముందు నుంచి రోజూ పోయేవాళ్లకు ఈ మాట కొత్త కాదు.

టీవీ స్కిట్ల ఆడిషన్లంటారా, పిలుపొస్తే వెళ్లండి, కానీ అక్కడ రాసేది, నవ్వేది వేరేవాళ్లు. సంగీత్ ఫంక్షన్ల యాంకరింగ్‌లో డబ్బులొస్తాయి, భోజనం బాగుంటుంది. అంతే.

నా పద్ధతి ఇది: నెలకు రెండు శనివారాలు హైదరాబాద్. అక్కడ మూడు చోట్ల నిలబడిన జోకునే ఇక్కడికొచ్చి రీల్ చేస్తా. వ్యూస్ మునుపటికన్నా తగ్గాయి, దాచేదేముంది.

కాకతీయ యూనివర్సిటీ పిల్లవాడికి ఇదంతా చెప్పి పంపాను. నిన్న మెసేజ్ పెట్టాడు: "అన్నా, కొత్త రీల్‌కు నలభై వేలు దాటినయ్!"

అందుల తేమెంత అని అడిగాను. బ్లూ టిక్ పడింది, జవాబు ఇంకా రాలేదు.