పంటి వేరు చివర ఏం పెట్టి మూయాలి: ఎం.టి.ఎ., బయోడెంటిన్, పుట్టీ వాడి చూశాక

ముందే చెప్పేస్తాను. వేరు చివర మూయడానికి ఇప్పుడు నేను ఎక్కువగా వాడేది పుట్టీ, అంటే ముందే కలిపి ముద్దలా వచ్చే సిమెంటు. అలాగని ఎం.టి.ఎ. (మినరల్ ట్రైఆక్సైడ్ అగ్రిగేట్ అనే సిమెంటు పొడి) పొట్లాలు కొనడం మానలేదు.

ఈ రంగంలో లేనివాళ్ళకు రెండు ముక్కలు. రూట్ కెనాల్ చేసి, మళ్ళీ చేసి, క్యాప్ పెట్టాక కూడా వేరు కొసన ఇన్ఫెక్షన్ తగ్గకపోతే అపైసెక్టమీ చేస్తాం. చిగురు తెరిచి, ఎముక తొలిచి, వేరు కొస 3 మిల్లీమీటర్లు కోసేస్తాం. కాలువ సన్నగా చీలిపోయేది ఎక్కువగా అక్కడే. తర్వాత కోసిన వైపు నుంచి కాలువలోకి మరో 3 మిల్లీమీటర్ల గుంట చేసి మూస్తాం. ఆ గుంటలో పెట్టే మందు గురించే ఈ సమీక్ష.

మా సీనియర్లు అమాల్గమ్ (పాదరసం కలిసిన వెండి మిశ్రమం) పెట్టేవారు. అది పెట్టించుకున్నవాళ్ళు కొందరు ఇప్పటికీ చిగురు మీద నీలిమచ్చతో వస్తుంటారు. తర్వాత ఐ.ఆర్.ఎమ్., సూపర్ ఈబీఏ అనే జింక్ ఆక్సైడ్ సిమెంట్లు వచ్చాయి. 1993లో లోమా లిండా యూనివర్సిటీ నుంచి మహ్మూద్ తొరాబినెజాద్ బృందం ఎం.టి.ఎ.ని పరిచయం చేశాక అవి వెనకబడ్డాయి. ఇది ప్రధానంగా పోర్ట్‌ల్యాండ్ సిమెంటే. ఎక్స్‌రేలో కనబడడానికి బిస్మత్ ఆక్సైడ్ కలిపారు. గట్టిపడడానికి నీళ్ళు కావాలి కాబట్టి చుట్టూ ఉండే తేమతో పేచీ లేదు. దాని మీద సిమెంటమ్ (వేరును కప్పి ఉండే సహజమైన పొర) కూడా పెరుగుతుంది. ఈ విషయంలో దానికి వంక పెట్టలేను.

చేతికి మాత్రం లొంగదు. కలిపితే తడి ఇసుకే: నీళ్ళు కాస్త ఎక్కువైతే జారుతుంది, ఆరితే పొడిపొడిగా రాలుతుంది. అసలు ఎం.టి.ఎ. గట్టిపడడానికి దాదాపు రెండుముప్పావు గంటలు పడుతుంది. అంటే పెట్టాక సెలైన్‌తో కడగడానికి లేదు, రక్తం ఊరితే కొట్టుకుపోతుంది. అందుకే ముందే ఎముక గుంటలో ఎడ్రినలిన్‌లో తడిపిన దూది కూరి రక్తం ఆపుతాను. గాడులున్న చిన్న దిమ్మె మీద ఎం.టి.ఎ.ని కడ్డీలా చేసి, కొంచెం కొంచెంగా లోపలికి దించుతాను. కుట్లు వేయకముందే ఆర్.వి.జి. (డిజిటల్ ఎక్స్‌రే) తీస్తాను. పై ముందుపళ్ళలో ఇదంతా హాయిగా సాగిపోతుంది. కింది దవడపంటి ముందువేరులో, చిన్న అద్దంలో చూస్తూ పెట్టాల్సి వచ్చినప్పుడే టెన్షన్.

బయోడెంటిన్ అనే మరో సిమెంటు ఆ టెన్షన్ కొంత తగ్గించింది. క్యాప్సూల్‌లో ఐదు చుక్కల ద్రవం వేసి 30 సెకన్లు మిషన్‌లో తిప్పితే చాలు, 12 నిమిషాల్లో గట్టిపడుతుందని కంపెనీ చెబుతుంది. కానీ ఎక్స్‌రేలో డెంటిన్‌కూ (పంటి లోపలి గట్టి భాగం) దానికీ తేడా పట్టుకోవడం కష్టం. గుంట నిండిందో లేదో చూడాల్సిన చోట ఇది చిన్న లోపం కాదు. పైగా గింజంత పనికి క్యాప్సూల్ మొత్తం విప్పాలి, మిగిలింది చెత్తబుట్టకే. పల్ప్ క్యాపింగ్‌కు (పంటి లోపలి నరం బయటపడినప్పుడు దాన్ని కప్పడానికి) మాత్రం ఇప్పటికీ అదే వాడతాను.

ఇక పుట్టీ. కలిపే పనే లేదు. కొంచెం గిల్లి, కోనులా చుట్టి, పరికరం కొసకు అంటించి గుంటలో పెట్టి అదమడమే. చుట్టూ ఉన్న తేమనే పీల్చుకుని గట్టిపడుతుంది, అంత తేలిగ్గా కొట్టుకుపోదు. ధర ఎక్కువ, మూత విషయంలో జాగ్రత్త కూడా ఎక్కువే. ఒక కంపెనీ సరుకు ఎక్స్‌పైరీ చాలా ఉండగానే సగం రాయైపోయింది. డీలర్‌ని అడిగితే, "మూత సరిగ్గా పెట్టలేదేమో డాక్టర్ గారూ" అన్నాడు! అప్పటి నుంచి చిన్న ప్యాకింగే తెప్పిస్తున్నాను. ఖర్చు భరించలేని పేషెంటుకు మన దేశంలో తయారయ్యే ఎం.టి.ఎ. పెడతాను. ఎముక లోపల కనబడని చోట రంగు మారితే ఏంటి, బూడిదరంగుది కాకుండా తెల్ల ఎం.టి.ఎ.నే కావాలని పట్టుబట్టక్కర్లేదు.

మందు మీద ఇంత రాశాను గానీ, నా కేసుల్లో ఎక్కువ తేడా తెచ్చింది మైక్రోస్కోపూ, గుంట చేయడానికి వాడే అల్ట్రాసానిక్ టిప్పులూ (కంపనాలతో తొలిచే సన్నటి కొసలు). 2010 నాటి ఒక మెటా అనాలిసిస్‌లో (చాలా అధ్యయనాలను కలిపి లెక్కించినది) పాత పద్ధతికి 59 శాతం, ఈ పరికరాలతో చేసే మైక్రోసర్జరీకి 94 శాతం విజయం కనబడింది. పాత పద్ధతిలో అమాల్గమ్ కూడా ఉంది కాబట్టి ఆ తేడా అంతా పరికరాలదే అనలేం. అయినా బర్‌తో (డ్రిల్లు కొసతో) 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, కాలువ దారి తప్పి గుంట చేస్తే ఏ మందు మాత్రం ఏం మూస్తుంది? దవడపళ్ళలో రెండు కాలువల మధ్య సన్నటి చీలిక ఉంటుంది. మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు పూసి చూస్తే గాని చాలాసార్లు కంటపడదు. దాన్ని కూడా గుంటలో కలిపేసుకోవాలి. కొత్తగా మొదలుపెడుతున్నవాళ్ళు ఖరీదైన పుట్టీ కంటే ముందు మంచి టిప్పులు కొనుక్కోండి, పుట్టీ వచ్చేదాకా ఎం.టి.ఎ.తో నెట్టుకురావచ్చు.