సీపాప్ ఏళ్ల తరబడి వాడాక: బైపాప్ కొనమన్న డాక్టర్‌ని ఎందుకని అడిగా

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుకి (స్లీప్ ఆప్నియా) మాస్క్‌లోంచి ప్రెషర్‌తో గాలి పంపేదే ఈ సీపాప్, ఆ మెషిన్ మీద నాకు కంప్లయింట్ ఏం లేదు. గురక పోయింది, మధ్యాహ్నం ఆఫీసులో కునికిపాట్లు పోయాయి, మా ఆవిడ మళ్ళీ అదే గదిలో పడుకుంటోంది. గొడవంతా సెట్టింగుల దగ్గరే.

స్లీప్ స్టడీలో నా ఏహెచ్ఐ 38, అంటే గంటకి సగటున అన్నిసార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో అన్నమాట, 30 దాటితే సివియర్ కింద లెక్క. మెషిన్ తెచ్చినతను ప్రెషర్ 4 నుంచి 20 దాకా ఆటో మోడ్‌లో, అంటే అవసరాన్ని బట్టి మెషినే మార్చుకునేలా వదిలేసి వెళ్ళిపోయాడు. 4 దగ్గర నాకు గాలి చాలదు, మాస్క్ పెట్టగానే ఊపిరాడక పీకి పడేయాలనిపించేది, తెల్లవారుజామున ప్రెషర్ పెరిగి నోట్లోంచి గాలి పోయి నాలుక పిడచకట్టుకుపోయేది. ఇదంతా చెబితే డాక్టర్ గారు డేటా చూడకుండానే బైపాప్ తీసుకోండి అనేశారు. అది పీల్చేటప్పుడు ఒక ప్రెషర్, వదిలేటప్పుడు తక్కువ ప్రెషర్ ఇస్తుంది, రేటు మాత్రం బాగా ఎక్కువ. ఎక్కువ ప్రెషర్ తట్టుకోలేనివాళ్ళకి, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకునేవాళ్ళకి అది కావాలి, కాదనను. మరి నాకెందుకు సార్ అంటే, వాడితే మీకే తెలుస్తుంది అన్నారు. ఇదేం సమాధానం?

ఇంటికొచ్చి మెషిన్‌లో ఎస్‌డీ కార్డు తీసి ఆస్కార్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశా. రాత్రిలో 95 శాతం సేపు ప్రెషర్ 11 లోపే ఉంది, అంటే ఎక్కువ ప్రెషర్ అవసరమే లేదు, ఆగినవన్నీ దాదాపు గొంతు మూసుకుపోయి ఆగినవే, లీక్ గీత మాత్రం తెల్లవారుజామున కొండలా లేచింది. ఆ గ్రాఫులు ప్రింట్ తీసి ఇంకో డాక్టర్ దగ్గర పెడితే ఆయన ఓపిగ్గా చూసి 7 నుంచి 13కి మార్చి, ముక్కు మాస్క్ తీసేసి నోరు కూడా కప్పేది రాశారు. ఏహెచ్ఐ 3 లోపుకొచ్చింది, ఇప్పటికీ అంతే.

ఇది చదివి సెట్టింగులు మీరే తిప్పేయకండి బాబూ, మెదడు సిగ్నల్ ఇవ్వక ఊపిరి ఆగే రకం ఉంటే ప్రెషర్ పెంచితే అది ఇంకా ఎక్కువవ్వచ్చు. కార్డు పట్టుకెళ్ళి డాక్టర్‌కి చూపించండి, చూడనంటే వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇంకోటి, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిపేటప్పుడు గాలికి తేమ కలిపే హ్యూమిడిఫైయర్ హీటర్ ఆపేయండి, బ్యాటరీ చాలాసేపు వస్తుంది.