ఏది మేలు: తీర్పుకు ముందే క్షమాభిక్షా, తీర్పయ్యాకా, అసలు వద్దా?

బెంగళూరు శేషాద్రి రోడ్డులోని ఫ్రీడమ్ పార్కు ఒకప్పుడు సెంట్రల్ జైలు. ఇప్పుడు పొద్దున వాకింగ్ వాళ్లూ, ఎండెక్కాక ధర్నాల వాళ్లూ వస్తుంటారు. పోయిన ఆదివారం నాన్నను తీసుకుని వెళ్లాను. ఆయన హిందూపురం కోర్టులో శిరస్తదారుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నారు. జైలు నాటి కాపలా బురుజును పడగొట్టకుండా ఉంచారు. దాని కింద నిలబడి తలెత్తి చూసి, "ఇక్కడి నుంచి చూస్తే ఎవురు ఎక్కడున్నారో అంతా కనపడతాది కదమ్మా" అన్నారు.

ఎమర్జెన్సీ ప్రకటించిన రాత్రి తెల్లారి, 1975 జూన్ 26న, పార్లమెంటు కమిటీ పని మీద బెంగళూరులో ఉన్న వాజపేయి, అద్వానీలను పట్టుకుని తెచ్చింది ఈ జైలుకే. వాళ్ల సంగతి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఇక్కడికొస్తే స్నేహలతా రెడ్డి గుర్తొస్తారు. మన తెలుగావిడ, నటి, కవి పట్టాభిరామిరెడ్డి గారి భార్య. ఎమర్జెన్సీకి ఎదురుగా పేలుళ్లకు కుట్ర పన్నారన్న బరోడా డైనమైట్ కేసు పేరు చెప్పి 1976 మేలో తీసుకెళ్లారు. చివరికి వేసిన చార్జిషీటులో ఆమె పేరే లేదు. అయినా మీసా కింద, విచారణ లేకుండా, ఎనిమిది నెలలు ఈ గోడల మధ్యే ఉంచారు. ఉబ్బసం మనిషి. 1977 జనవరి 15న పెరోల్ మీద వదిలారు. 20న చనిపోయారు. మధ్యలో ఐదు రోజులు.

పదవి పోగొట్టుకుని పరువు పోగొట్టుకున్న దేశాధినేతను క్షమించడం న్యాయమేనా అన్న ప్రశ్న నాకు ఇక్కడి నుంచే మొదలవుతుంది. నాన్నకూ నాకూ ముందురోజు రాత్రి భోజనాల దగ్గర మొదలైన వాదన పార్కులో కూడా నడిచింది.

నాన్నది ఫోర్డు పక్షం. ప్రత్యర్థి పార్టీ ఆఫీసులో చొరబాటును కప్పిపుచ్చిన వాటర్‌గేట్ వ్యవహారంలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1974 ఆగస్టు 9న రాజీనామా చేశాడు. ఆ కుర్చీలో కూర్చున్న జెరాల్డ్ ఫోర్డు సరిగ్గా నెల తిరక్కుండానే, సెప్టెంబరు 8 ఆదివారం నాడు, నిక్సన్‌కు సంపూర్ణ క్షమాభిక్ష ప్రకటించాడు. ఒక నేరం అని కాదు. పదవిలో ఉన్న 1969 జనవరి 20 నుంచి దిగిపోయిన రోజు దాకా చేసినవీ, చేసి ఉండవచ్చనుకునేవీ అన్నీ. అప్పటికి చార్జిషీటు లేదు, విచారణ లేదు. ఫోర్డు దగ్గర పత్రికా కార్యదర్శిగా చేరి నెలైనా నిండని టెర్‌హోర్స్ట్ అదే రోజు రాజీనామా చేశాడు. 1976 ఎన్నికల్లో ఫోర్డు ఓడిపోయాడు.

"ఓడిపోతానని తెలిసే చేసినాడమ్మా. ధరలు మండుతుండాయి, వియత్నాం తెమల్లేదు. దేశమంతా ఒకాయన రికార్డు చేసుకున్న టేపుల చుట్టూ తిరుగుతుంటే పని నడిచేదెట్ల?" అని నాన్న వాదన. ఆయన ఈ మాట పేపరు చదివి చెప్పేది కాదు. ఒక గట్టు తగాదా రెండు తరాలు వాయిదాల మీద నడవడం, ఆ పొలం అమ్మి వకీలు ఫీజులు కట్టడం ఆయన బల్ల ముందే జరిగాయి. కట్ట విప్పితే పురుగు తిన్న కాగితాలు రాలేవట. అలాంటి మనిషికి, ఏదో ఒక చోట తెంపేసిన వాడంటే గౌరవం ఉంటుంది. ఆ గౌరవాన్ని నేను తీసిపారెయ్యలేను. అప్పట్లో ఫోర్డును గట్టిగా తప్పుబట్టిన ఎడ్వర్డ్ కెనెడీయే 2001లో కెనెడీ కుటుంబం తరఫు సాహస పురస్కారం ఇస్తూ ఫోర్డు చేసింది సరైన పనేనని ఒప్పుకున్నాడు.

కానీ ఆ తెంపడానికి అయిన ఖర్చు కూడా చూడాలి. నిక్సన్ చెప్పినట్టు నడిచిన హాల్డెమన్, ఎర్లిక్‌మన్, మిచెల్ 1975 జనవరి 1న దోషులుగా తేలి, తర్వాత జైలుకు వెళ్లారు. చెప్పినాయన కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డున ఇంట్లో ఉన్నాడు. క్షమాభిక్ష తీసుకున్న రోజు ఆయన ఇచ్చిన ప్రకటనలో తాను సరిగ్గా వ్యవహరించలేదన్న విచారం ఉంది, నేరం చేశానన్న మాట లేదు. 1977లో టీవీ ఇంటర్వ్యూలో, అధ్యక్షుడు చేస్తే అది చట్టవిరుద్ధం కాదన్న అర్థంలో మాట్లాడాడు. క్షమాభిక్షను ఒప్పుకోవడమంటే తప్పును ఒప్పుకోవడమేనని 1915 నాటి బర్డిక్ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు అన్న మాటను ఫోర్డు చీటీగా పర్సులో పెట్టుకు తిరిగేవాడు. ఒప్పుకున్నాడనుకోవడానికి ఆయనకు మిగిలిన ఆధారం ఆ చీటీయే. ఒప్పుకోవాల్సిన మనిషి నోట ఆ మాట రాలేదు.

మన దగ్గర అయితే ఫోర్డు చేసిన పని కుదరదు. రాజ్యాంగం 72వ అధికరణ రాష్ట్రపతికి, 161 గవర్నరుకు ఇచ్చిన అధికారం శిక్ష పడిన వ్యక్తి విషయంలోనే. కేసు తేలకముందే మాఫీ అన్నది అందులో లేదు. ఇది చెప్పగానే నాన్న ఆగి, "లేకేం, ఒకటి ఉండాది" అన్నారు. "అప్రూవరు."

నాకు తట్టని మాట అది. ముద్దాయిల్లో ఒకడు అప్రూవరుగా మారితే తీర్పుకు ముందే మెజిస్ట్రేటు క్షమాభిక్ష ఇవ్వొచ్చు. పాత సీఆర్‌పీసీలో 306వ సెక్షను. కానీ షరతు ఉంది: తనకు తెలిసింది పూర్తిగా, దాపరికం లేకుండా చెప్పాలి. బోనెక్కి సాక్ష్యం ఇవ్వాలి. ఏదైనా దాచాడని తేలితే 308 కింద ఆ క్షమ పోతుంది, మళ్లీ ముద్దాయే. ఒకసారి దొంగతనం కేసులో అప్రూవరైన కుర్రాడు బోనులో కడ్డీ పట్టుకుని వణుకుతూ రెండు గంటలు చెప్పాడట. ఆ వాంగ్మూలం రాసుకున్నది నాన్నే. "వాడు చెప్పింది ప్రతి ముక్కా ఈ చేత్తో రాసినాను" అని చెయ్యి చూపించారు.

ఒక దొంగతనం కేసులో కుర్రాడి దగ్గర అడిగింది, ఒక దేశాధ్యక్షుడి దగ్గర అడగలేదు. ఫోర్డు మీద నాకున్న అభ్యంతరమంతా అదే. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష నాటి నేరాలకు నిజ నిర్ధారణ కమిషన్ ముందు 7 వేల పైచిలుకు అర్జీలు వస్తే, అందులో కొంతమందికే క్షమ దొరికింది. అక్కడా ప్రధానమైన షరతు చేసింది పూర్తిగా చెప్పడమే.

ఇక దక్షిణ కొరియా. నేను మొగ్గేది ఇటు. అయినా అక్కడ కూడా నా మనసు పూర్తిగా కుదురుకోదు. 1980 మేలో గ్వాంగ్జు పట్టణంలో జనం మీద సైన్యాన్ని దింపిన సైనిక నేత, తర్వాత అధ్యక్షుడైన చున్ దూ హ్వాన్‌కు 1996లో కోర్టు మరణశిక్ష వేసింది. అప్పీలులో అది యావజ్జీవం అయింది, 1997 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ డిసెంబరులో అధ్యక్షుడు కిమ్ యంగ్ శామ్ క్షమాభిక్ష ఇచ్చాడు. అప్పుడే ఎన్నికైన కిమ్ దే జుంగ్ అందుకు సరేనన్నాడు. ఈ కిమ్ దే జుంగ్ ఎవరంటే, 1980లో అదే చున్ ఏలుబడిలో మరణశిక్ష పడిన మనిషి. తన మెడకు ఉరితాడు బిగించబోయిన వాడిని వదిలేయడానికి ఒప్పుకున్నాడు. ఫోర్డుకు లేని హక్కు ఆయనకు ఉందనిపిస్తుంది నాకు. దెబ్బ తిన్నవాడు క్షమించాడు. అంతకంటే ముఖ్యం, గ్వాంగ్జులో ఏం జరిగిందో అప్పటికే తీర్పు కాగితం మీదకు ఎక్కింది. క్షమ వచ్చి దాన్ని చెరపలేదు. జరిమానా కూడా మాఫీ కాలేదు. కొరియా కరెన్సీలో 220 బిలియన్ వన్‌ల పైచిలుకు కట్టాల్సి ఉంటే, తన దగ్గర 2 లక్షల 90 వేల వన్‌లే ఉన్నాయని 2003లో కోర్టులో చెప్పాడు చున్.

అదే నన్ను కుదురుకోనివ్వని విషయం. చున్ 2021 నవంబరులో, 90 ఏళ్ల వయసులో, గ్వాంగ్జు వాళ్లకు ఒక్క క్షమాపణ మాట చెప్పకుండానే పోయాడు. గ్వాంగ్జులో బిడ్డను పోగొట్టుకున్న తల్లి తరఫున కిమ్ దే జుంగ్ క్షమించగలడా? తన వాటా తాను వదులుకోగలడేమో. ఆమె వాటా ఆమెదే.

ఆ అలవాటు తర్వాత కొనసాగింది. మాజీ అధ్యక్షురాలు పార్క్ గున్ హేకు అవినీతి కేసుల్లో, ఎన్నికల చట్టం కేసుతో కలిపి 22 ఏళ్ల శిక్ష 2021 జనవరిలో ఖాయమైంది. అదే ఏడాది డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు మూన్ జే ఇన్ ఆరోగ్యం బాగాలేదని వదిలాడు. పెద్ద అవినీతి నేరాలకు క్షమ ఇవ్వనని ఎన్నికల్లో చెప్పి గెలిచినాయన. మరుసటి డిసెంబరులో, 17 ఏళ్ల శిక్ష పడిన ఇంకో మాజీ అధ్యక్షుడు లీ మ్యుంగ్ బాక్‌ను మూన్ తర్వాత అధ్యక్షుడైన యూన్ సుక్ యోల్ వదిలాడు. ఆ యూనే 2024 డిసెంబరు 3 రాత్రి సైనిక పాలన ప్రకటించాడు. కొన్ని గంటల్లోనే పార్లమెంటులో 190 మంది సభ్యులు చేరి, 190 ఓట్లతో దాన్ని కొట్టేశారు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ కోర్టు ఆయన్ను దించేసింది. క్షమాభిక్షల వల్లే ఇలా అయిందని నేను అనను. కానీ ఎంత పెద్ద శిక్షయినా ఐదేళ్ల లోపు మాఫీ అవుతుందని తెలిసిన చోట శిక్షకు బరువు తగ్గుతుంది.

పెరూది ఇంకో రకం, దాని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. మాజీ అధ్యక్షుడు ఫుజిమోరీ ఊచకోతల కేసుల్లో 25 ఏళ్ల శిక్ష అనుభవిస్తుండగా, 2017 క్రిస్మస్ ముందురోజు అధ్యక్షుడు కుచిన్‌స్కీ క్షమ ఇచ్చాడు. అంతకు మూడు రోజుల ముందే తనను దించే తీర్మానం మీద ఫుజిమోరీ కొడుకు వర్గం ఓటుకు దూరంగా ఉండటంతో కుచిన్‌స్కీ పదవి నిలబడింది. ఇది క్షమ కాదు, బేరం. మనకూ ఈ అనుభవం లేకపోలేదు. అధికార పార్టీ ఎమ్మెల్యే భర్తకు ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఇచ్చిన శిక్ష తగ్గింపును 2006లో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆయన మంచి పార్టీ కార్యకర్త అన్న సంగతి సిఫారసు కాగితాల్లోనే ఉంది.

"అట్లయితే అసలు వద్దంటావా?" అన్నారు నాన్న.

అసలు వద్దన్న చోట మనం ఏం చేశామో చూడాలి. షా కమిషన్ ఎమర్జెన్సీలో నిర్బంధంలోకి వెళ్లిన వాళ్లు లక్షకు పైనేనని లెక్కగట్టింది. ఇందిరా గాంధీ దాని ముందు ప్రమాణం చేసి వాంగ్మూలం ఇవ్వలేదు. 1977 అక్టోబరు 3న అరెస్టు చేసి, ఆధారాల్లేవని మర్నాడే వదిలారు. 1978లో కర్ణాటకలోని చిక్కమగళూరు నుంచి గెలిచి లోక్‌సభకు వస్తే, సభ ఆమెను బహిష్కరించి వారం రోజులు తీహార్‌లో పెట్టింది. ప్రత్యేక కోర్టులన్నారు. 1980లో ఆమె మన మెదక్ నుంచి కూడా గెలిచి ప్రధాని అయ్యారు. కేసులు ఎటూ కాకుండా పోయాయి. "జనం క్షమించినారు కదా, అంతకంటే పెద్ద కోర్టు ఉండాదా?" అని నాన్న. ఓటు వేసింది ఎవరు పాలించాలన్న దాని మీద. స్నేహలతా రెడ్డికి మందు సరిగ్గా ఎందుకు అందలేదన్న ప్రశ్న బ్యాలెట్ మీద లేదు. మనం శిక్షించలేదు, క్షమించలేదు, రాసుకోనూ లేదు. నా లెక్కలో మూడింటిలోకీ నాసిరకం ఇదే. ఫోర్డు చేసిందే దీనికంటే నయం. ఆయన కనీసం సంతకం పెట్టి బాధ్యత నెత్తినేసుకున్నాడు.

చివరిదాకా కోర్టులో నడవడం ఎలా ఉంటుందంటే పీవీని చూడాలి. ఎంపీలకు లంచం కేసులో 2000లో ప్రత్యేక కోర్టు ఆయన్ను దోషి అని మూడేళ్లు వేసింది. మాజీ ప్రధానికి శిక్ష పడటం అదే మొదలు. ఆయన అప్పీలుకు వెళ్లారు, 2002 మార్చిలో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అంది. ఆ మధ్యలో ఎవరైనా పెద్దమనసుతో క్షమాభిక్ష ఇచ్చి, ఆయన పుచ్చుకుని ఉంటే? "క్షమ పొందిన పీవీ" అనే మాటే మిగిలేది. ముందే ఇచ్చిన క్షమ నిర్దోషికి కూడా అన్యాయం చేస్తుంది. నిక్సన్ దోషి అని కోర్టు ఎప్పుడూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

కాబట్టి నా మాట ఇది: తీర్పు ఖాయం కావాలి. ఆ మనిషి నోటితో నిజం రావాలి, అప్రూవరుకు పెట్టే షరతే ఆయనకూ పెట్టాలి. అప్పుడు క్షమ న్యాయమే, దెబ్బతిన్న వాళ్లను అడిగాక. జబ్బు చేసిందనే కారణమైతే పెరోలు, ఆసుపత్రి ఉన్నాయి, శిక్ష తగ్గింపు ఉంది. దానికి క్షమాభిక్ష అనే పెద్ద మాట అక్కర్లేదు. పార్క్ గున్ హేను ఇంటికి పంపి ఉండొచ్చు, నేరాన్ని మాఫీ చేయకుండా.

నాన్న నిజం చెప్పించాలన్న దాకా ఒప్పుకున్నారు. దెబ్బతిన్న వాళ్లను అడగాలన్న దగ్గర ఆగిపోయారు. "అడిగితే ఎవరూ ఇవ్వరమ్మా, నేను చూసినాను" అన్నారు. కిమ్ దే జుంగ్ ఇచ్చాడు కదా అన్నాను. ఆయన మాట్లాడలేదు. లేచి బురుజు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఆ యమ్మకు పిల్లలుండిరా?" అని అడిగారు. స్నేహలతా రెడ్డికి ఇద్దరు, ఒక కూతురు, ఒక కొడుకు అని చెప్పాను. "అయితే ముందు వాళ్లనడగాల్సింది" అన్నారు.