స్వింగ్ డాన్స్ వారాంతానికి ఏది మేలు: బ్యాండా డీజేనా, అందరికీ ఒకచోటే భోజనమా ఎవరిది వాళ్లదా?

అమెరికాలో మేముండే ఊళ్లో ఏటా ఒక వారాంతం స్వింగ్ డాన్స్ ఫెస్టివల్ జరుగుతుంది. శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది, ఆదివారం సాయంత్రానికి హాలు తాళాలు ఇచ్చేస్తాం. పగలు లిండీ హాప్ (స్వింగ్ జాజ్ సంగీతానికి జంటగా చేసే డాన్సు) క్లాసులు, రాత్రి సోషల్ డాన్స్, అంటే ఎవరితోనైనా సరదాగా చేసేది. క్లాసుల సంగతి టీచర్లు చూసుకుంటారు. మిగతావన్నీ, అంటే శుక్రవారం స్వాగతం, శనివారం భోజనం, అర్ధరాత్రి తర్వాత డాన్సు, ఆదివారం వీడ్కోలు, మూడేళ్లుగా నా చేతిలో ఉన్నాయి. ప్రతి ఏడూ కమిటీలో అవే ప్రశ్నలు, అవే వాదనలు. ఈ పని కొత్తగా నెత్తిన వేసుకున్నవాళ్లకి ఉపయోగపడుతుందని నా లెక్కలు రాస్తున్నాను.

నేను దేన్నైనా ఒకటే ప్రశ్న వేసి చూస్తాను. ఎవరూ తెలియకుండా ఒంటరిగా వచ్చిన మనిషికి శనివారం పొద్దున్నకల్లా పేరు పెట్టి పలకరించేవాళ్లు నలుగురు ఉంటారా?

ఈ ప్రశ్న నాకు అనుభవం మీద వచ్చింది. నేను మొదటిసారి వెళ్లిన ఫెస్టివల్ వేరే ఊళ్లో. ఆరు నెలలు నేర్చుకుని, కొత్త బూట్లు కొనుక్కుని వెళ్లాను. బ్యాండు అద్భుతంగా వాయిస్తోంది, హాలు నిండుగా ఉంది. నేను మాత్రం కోట్లు తగిలించే స్టాండు పక్క కుర్చీలో, బూట్ల సంచి ఒళ్లో పెట్టుకుని, ఎనిమిది నుంచి పదిన్నర దాకా కూర్చున్నాను. ఇక్కడ ఎవరు ఎవరినైనా డాన్సుకి అడగొచ్చని, అడిగితే ఒకటో రెండో పాటలు చేసి థాంక్స్ చెప్పుకుని విడిపోతారని, లీడ్ చేసేది, అంటే జంటని నడిపించేది, మగవాళ్లే కానక్కర్లేదని నాకు ఎవరూ చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం అందరూ గుంపులుగా భోజనానికి వెళ్లిపోతే కారులో కూర్చుని అరటిపండు తిన్నాను. వాళ్లలో ఎవరిదీ చెడ్డ మనసు కాదు. ఆ గంటలు ఎవరూ ప్లాన్ చేయలేదు, అంతే.

శుక్రవారం రాత్రి: బ్యాండా, డీజేనా?

బ్యాండ్ అంటే నాకు ప్రాణం. ఈ డాన్సు పుట్టిందే బ్యాండు ముందు. 1926లో న్యూయార్క్ హార్లెమ్‌లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్‌లో రెండు స్టేజీలు ఉండేవి. ఒక బ్యాండు ఆపగానే రెండోది అందుకునేది, సంగీతం ఆగేదే కాదు. ట్రంపెట్ వాయించేవాడు మీ అడుగు చూసి ఒక స్వరం విసిరితే మీరు దానికి జవాబు చెప్పడం రికార్డుతో జరిగే పని కాదు. కాబట్టి డబ్బు ఒక్క రాత్రికే సరిపోతుందంటే బ్యాండ్ ఉండాలా వద్దా అన్న చర్చ నాకు అక్కర్లేదు. ఏ రాత్రి అన్నదే ప్రశ్న.

చాలామంది శుక్రవారం అంటారు, ఆరంభం అదిరిపోవాలని. నేను శనివారం అంటాను. శుక్రవారం జనం విడతలుగా వస్తారు. ఆఫీసు నుంచి నేరుగా నాలుగు గంటలు కారు నడిపి వచ్చేవాళ్లు, విమానం ఆలస్యమైనవాళ్లు తొమ్మిదిన్నరకి తలుపు దగ్గర కనిపిస్తారు. ఏడెనిమిది మంది వాయిద్యకారులకి డబ్బిచ్చి, సగం నిండిన హాల్లో మొదటి సెట్ వాయించడం వాళ్లకీ బాగుండదు, మనకీ బాగుండదు. రెండో కారణం టెంపో, అంటే పాట వేగం. బ్యాండు తాను సాధన చేసుకొచ్చిన పాటలే వాయిస్తుంది. మంచి ఊపు మీదుంటే నిమిషానికి 200 బీట్లు దాటిపోతుంది. మంచి డీజే ఫ్లోర్ చూస్తాడు. గోడవారగా కొత్త మొహాలు కనిపిస్తే 120, 130 దగ్గర రెండు పాటలు వేస్తాడు, వాళ్లు లేచి వస్తారు.

అందుకని శుక్రవారం మేం చేసేది ఇది. ఎనిమిదికి ముప్పావుగంట బిగినర్ పాఠం, అందులో నిమిషానికోసారి జతలు మారతాయి. అది అయ్యేసరికే కొత్తవాళ్లు పది పదిహేను మంది చేతులు పట్టుకుని పేరు చెప్పి ఉంటారు. తర్వాత డీజే. మా వాలంటీర్లు నలుగురు జేబుకి పసుపు రిబ్బను కట్టుకుని తిరుగుతారు. కూర్చుని ఉన్నవాళ్లని డాన్సుకి పిలవడమే వాళ్ల డ్యూటీ. పోయినేడు మన తెలుగు స్టూడెంట్ ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అక్కా, నాకు రాక్ స్టెప్ తప్ప ఏమీ రాదు, ఎవరినైనా అడిగితే నవ్వుతారేమో" అంది. రాక్ స్టెప్ అంటే మొట్టమొదట నేర్పే వెనకడుగు. "అదొక్కటి వస్తే చాలమ్మా, పద" అని మా రిబ్బను వాలంటీరు దగ్గర వదిలాను. రాత్రి పదకొండుకి ఆ పిల్ల తనే వెళ్లి టీచర్ని అడుగుతోంది.

శనివారం రాత్రి బ్యాండు వచ్చినప్పుడు సెట్‌కీ సెట్‌కీ మధ్య విరామం ఉంటుంది కదా, ఆ పదిహేను ఇరవై నిమిషాల్లో డీజే సంగీతం పెడతాం. అప్పుడే షిమ్ షామ్ డాన్సు, పుట్టినరోజు జామ్ సర్కిల్ (పుట్టినరోజు మనిషిని మధ్యలో పెట్టి, ఒకరి తర్వాత ఒకరు వెళ్లి తనతో ఆడటం). షిమ్ షామ్‌కి జంట అక్కర్లేదు, అందరూ వరసల్లో నిలబడి చేస్తారు. ఎనౌన్స్‌మెంట్లు మాత్రం రెండు నిమిషాలు దాటనివ్వొద్దు. కాళ్లు చల్లారితే మళ్లీ లేవవు.

శనివారం మధ్యాహ్నం: భోజనం ఎక్కడ?

బడ్జెట్లో ఇది చిన్న పద్దు, నా దృష్టిలో మొత్తం వారాంతంలో పెద్ద సంగతి. పొద్దున క్లాసులకీ మధ్యాహ్నం క్లాసులకీ మధ్య గంటన్నర. ఈ గంటన్నర ఎలా గడిచిందో రాత్రి ఫ్లోర్ మీద కనిపిస్తుంది.

ఎవరి దారిన వాళ్లని వదిలేస్తే నిర్వాహకులకి హాయి. వంట లేదు, చెత్త లేదు, ఎలర్జీల టెన్షన్ లేదు. కానీ ముందే తెలిసినవాళ్లు తెలిసినవాళ్లతో పోతారు. ఒంటరిగా వచ్చినవాళ్లు ఫోను చూసుకుంటూ మెట్ల మీద మిగిలిపోతారు. పైగా హాలు దగ్గర ఉన్నవి రెండే హోటళ్లయితే వంద మంది ఒకేసారి మీద పడతారు, రెండున్నర క్లాసుకి సగం మంది ఉండరు.

అందరికీ ఒకచోటే పెడితే ఈ బాధ పోతుంది, ఖర్చూ పనీ పెరుగుతాయి. రెండేళ్ల కిందట పెట్టి చూశాం. బ్రెడ్డు, సూపు, సలాడ్, పళ్లు కొన్నాం. అరవై మందికి పులిహోర నేను చేశాను. ఐదు కేజీల బియ్యం, ముందురోజు రాత్రే ఉడికించి పెట్టుకున్న చింతపండు పులుసు, పొద్దున ఐదింటికి అన్నం వండి పెద్ద ట్రేలలో ఆరబోసి కలిపాను. అందులో మాంసం లేదు, పాలు లేవు, వేడి చేసే పనీ లేదు, ఇలాంటి గుంపుకి ఇంతకంటే మంచి వంట ఏముంటుందనుకున్నాను. బోర్డు మీద గోధుమ లేదని కూడా రాయబోయి ఇంగువ డబ్బా తిప్పి చూశాను. బజార్లో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు! ఆ డబ్బాలోనూ ఉంది. అప్పటికే పోపు పడిపోయింది. బోర్డు మీద "గోధుమ ఉంది, వేరుశనగ ఉంది" అని పెద్దక్షరాలతో రాసి పెట్టాను. గోధుమ పడని ఇద్దరు ఆ రోజు పళ్లతో సరిపెట్టుకున్నారు, నాకు ఇప్పటికీ మనసులో ఉంది. అప్పట్నుంచి పులిహోరలో ఇంగువ వెయ్యను. వేరుశనగపప్పు వేయించి విడిగా గిన్నెలో, విడిగా చెంచాతో, బల్ల రెండో చివర పెడతాను.

మూడో దారి ఒకటుంది, పోయినేడు చేశాం. గోడకి కాగితం అంటించి, దారంతో పెన్ను కట్టాం. ఒక్కో గడిలో ఒక హోటల్ పేరు, ఆరు ఖాళీలు. మొదటి ఖాళీలో మా ఊరి మనిషి పేరు ముందే రాసి ఉంటుంది. పొద్దున క్లాసుకి వచ్చేటప్పుడు ఎవరికి నచ్చినచోట వాళ్లు పేరు రాస్తారు. ఊరి మనిషి వాళ్లని నడిపించుకుని వెళ్లి, రెండుంపావుకి వెనక్కి తెస్తాడు. ఆరుగురు దాటితే మాట రెండు ముక్కలవుతుంది, అందుకే ఆరు. మాకు ఖర్చు సున్నా. కాకపోతే చేతిలో డబ్బు ఆడని స్టూడెంట్లు పేరు రాయకుండా తప్పుకుంటారు, అది నేను కళ్లారా చూశాను.

ఏది మేలంటారా? వచ్చేది నూట ఇరవై లోపు మంది, హాల్లో వంటగది ఉందంటే ఒకచోటే భోజనం. అంతకు మించితే కాగితం పద్ధతి, దాంతోపాటు హాల్లో ఒక బల్ల మీద బ్రెడ్డు, పళ్లు, ఒక ట్రే పులిహోర ఉచితంగా. ఎవరి దారిన వాళ్లన్నది మాత్రం నేను ఒప్పుకోను.

శనివారం సాయంత్రం: పార్కా, చరిత్ర కబుర్లా?

క్లాసులయ్యాక, రాత్రి డాన్సుకి ముందు, పార్కులో డాన్సు పెడదామని ఎవరో ఒకరు అంటారు. చూడ్డానికి బాగుంటుంది, ఫొటోలు బాగుంటాయి, దారిన పోయేవాళ్లు ఆగి చూసి వచ్చే నెల క్లాసులో చేరతారు. కానీ పొద్దుట్నుంచీ నాలుగైదు గంటలు ఎగిరిన మోకాళ్లకి సిమెంటు నేల మంచిది కాదు. తోలు సోలు బూట్లు రాపిడికి పాడైపోతాయి. వాన పడితే ప్రత్యామ్నాయం ఉండదు. పార్కు డాన్సు వారాంతానికి ముందు వారం పెట్టుకోండి, ఊరి జనానికి కబురు చేరుతుంది.

ఆ గంటకి నా ఓటు చరిత్రకి. లిండీ హాప్ హార్లెమ్ నల్లజాతి యువత తయారుచేసిన డాన్సు. ఈ రోజు మా హాల్లో ఉన్నవాళ్లలో వాళ్ల సంతతి వాళ్లు తక్కువ, నాలాంటి దూరదేశపు వాళ్లం కూడా ఉన్నాం. ఎవరి సొత్తుతో ఆనందిస్తున్నామో తెలియకపోతే ఎలా? ఫ్రాంకీ మానింగ్ అనే డాన్సర్ 1935లో సవాయ్ పోటీలో మొదటిసారి భాగస్వామిని వీపు మీదుగా తిప్పి దించాడు. తర్వాత రోజులు మారి పోస్టాఫీసులో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసుకున్నాడు. 1980లలో కుర్రాళ్లు వెతుక్కుంటూ వెళ్లి అడిగితే మళ్లీ నేర్పడం మొదలుపెట్టి, 2009లో చనిపోయేదాకా దేశదేశాలు తిరిగాడు. ఆ తరంలోనే ఇంకో డాన్సర్ నార్మా మిల్లర్ ఇల్లు సవాయ్ వెనకే. చిన్నపిల్లగా కిటికీలోంచి చూసి అడుగులు నేర్చుకుంది. ఒక ఈస్టర్ రోజు బయట పేవ్‌మెంటు మీద డాన్సు చేస్తుంటే, పేరున్న డాన్సర్ ఒకాయన చూసి లోపలికి తీసుకెళ్లి తనతో ఆడించాడు. ఈ కథ చెప్పిన సాయంత్రం మా రిబ్బను వాలంటీర్ల సంఖ్య నాలుగు నుంచి తొమ్మిదికి పెరిగింది.

అరగంట చాలు, పాత వీడియో రెండు ముక్కలు వేసి. తర్వాత జనాన్ని పడుకోనివ్వండి. రాత్రి డాన్సుకి ముందు గ్రూప్ డిన్నర్ ప్రోగ్రాం పెట్టకండి. కునుకు కావాలి.

అర్ధరాత్రి దాటాకా, ఆదివారం పొద్దున్నా?

రెండూ ఘనంగా పెట్టేంత ఓపిక ఏ కమిటీకీ ఉండదు. ఒకటి ఎంచుకోవాలి. అర్ధరాత్రి తర్వాత డాన్సుకి వేరే రుచి ఉంది. లైట్లు తగ్గుతాయి, సంగీతం నెమ్మదిస్తుంది, బ్లూస్ వస్తుంది. చాలామంది తమ వారాంతపు గొప్ప డాన్సు రెండున్నరకి జరిగిందంటారు, నాకూ అలా జరిగింది. కానీ దానికి రెండో హాలు, మేలుకుని ఉండే వాలంటీర్లు, ముఖ్యంగా అలిసిపోయినవాళ్లు కారు నడపకుండా చూసే ఏర్పాటు కావాలి. ఆదివారం పదకొండుకి కాఫీ, దోసెలో పాన్‌కేకులో పెట్టి ఒక గంట కూర్చోబెడితే ఖర్చు తక్కువ, మాటలు ఎక్కువ. డాన్సు ఫ్లోర్ మీద సంగీతంలో పేర్లు వినిపించవు, ఇక్కడ వినిపిస్తాయి.

ఒక్క శనివారం రాత్రి మూడు దాకా పెట్టండి, శుక్రవారం వద్దు. శుక్రవారం మూడింటికి పడుకున్నవాళ్లు శనివారం పొద్దున క్లాసులో తూలుతూ ఎదుటివాళ్ల కాళ్లు తొక్కుతారు. శనివారం అంతసేపు పెడితే ఆదివారం మొదటి క్లాసు మధ్యాహ్నం పన్నెండుకి జరపండి, కాఫీ బల్ల పదకొండుకి. కాఫీకి అంటూ వేరే హంగామా అక్కర్లేదు, తలుపు దగ్గర బల్ల వేస్తే చాలు.

ఆదివారం చివరి గంటలు

పోటీ పెడదామంటారు కొందరు, ఆఖరి ప్రోగ్రాం ఘనంగా ఉండాలని. పోటీలో ఇరవై మంది ఆడితే నూరుమంది కూర్చుంటారు. పోటీ శనివారం బ్యాండు విరామంలోనే ముగించి, ఆదివారం మూడు నుంచి ఐదు దాకా మామూలు డాన్సు పెట్టడం మేలు. విమానాలు ఉన్నవాళ్లు పెట్టెలు గోడవార పెట్టుకుని, బూట్లు మార్చుకునే నిమిషం దాకా ఆడతారు.

తలుపు పక్కన మళ్లీ అదే కాగితం, దారంతో కట్టిన అదే పెన్ను. ఈసారి గడుల్లో హోటళ్ల పేర్లు ఉండవు, ఎయిర్‌పోర్టుకి బయల్దేరే టైములూ కార్లో ఖాళీలూ ఉంటాయి. పోయినేడు నాలుగున్నర గడిలో నా పేరు కింద ఆ స్టూడెంట్ అమ్మాయి పేరు ఉంది. దాని కింద ముగ్గురి పేర్లు, వాళ్లని తనే పిలుచుకొచ్చింది. శుక్రవారం రాత్రి దాకా ఆ ముగ్గురూ ఎవరో తనకి తెలియదు.