మిలిటరీ స్టాలియన్‌తో టోచన్ పని: ఏళ్ల తరబడి వాడాక నా మాట

బురదలో దిగబడ్డ బండిని బయటికి తీయడమే మీ పని అయితే, మిలిటరీ వేలంలోంచి వచ్చిన పాత అశోక్ లేలాండ్ స్టాలియన్ లాంటి బండి ఆ ధరలో ఇంకొకటి దొరకదు. హైవే మీద చెడిపోయిన లారీలను హైదరాబాద్ దాకా లాక్కెళ్లడమే పని అయితే మాత్రం దీని జోలికి పోవద్దు. వరంగల్‌లో ములుగు రోడ్డు వైపు టోచన్ పని, అంటే దిగబడ్డ, చెడిపోయిన బండ్లను లాగే పని చేస్తూ ఏళ్లుగా ఈ ఒక్క బండినే నడుపుతున్నాను. వానాకాలాలు, యాసంగి కోతలు, మేడారం జాతరలు అన్నీ చూసింది. కొందామా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే తెలిసిందంతా ఒకచోట రాస్తున్నాను.

స్టాలియన్ అంటే జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో సైన్యం కోసం తయారైన లారీ. అంతకుముందు అదే ఫ్యాక్టరీలో జర్మనీ మాన్ కంపెనీ లైసెన్స్‌తో శక్తిమాన్ లారీలు చేసేవారు, వాటి స్థానంలో ఇది వచ్చింది. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుంది. వెనక కూడా జంట చక్రాలు ఉండవు, ఒంటి చక్రాలే. దీని విలువ పొలంలో దిగితేనే తెలుస్తుంది. ముందు చక్రం తొక్కిన గాడిలోనే వెనక చక్రం నడుస్తుంది. జంట చక్రాల లారీకైతే రెండు టైర్ల మధ్య మట్టి, రాళ్లు ఇరుక్కుని, తీయలేక ప్రాణం పోతుంది.

సైన్యం వీటిని సామాను లారీలుగా వాడింది. నేను కొన్నది కూడా అలాంటిదే. మొదట వేలంలో కొన్నాయన వెనక బాడీ తీసేసి బూమ్ (బరువులెత్తే క్రేన్ చెయ్యి), వించ్ (ఇనుప రోప్‌ని డ్రమ్ముకు చుట్టి గుంజే యంత్రం) పెట్టించాడు. కాబట్టి లారీ వేరు, పైన పెట్టిన క్రేన్ వేరు అనుకుని రెండింటినీ విడివిడిగా పరీక్ష చేయాలి. లారీని పెద్ద ఫ్యాక్టరీ కట్టింది. బూమ్‌ని ఏదో షెడ్డులో వెల్డింగ్ చేసి ఉంటారు. నా బండిలో చాసిస్ ఇంకో పాతికేళ్లు ఉండేలా ఉంది. బూమ్ కింది పాదం దగ్గర వెల్డింగ్ మాత్రం మొదటి వానాకాలంలోనే చీలింది. మొత్తం విప్పించి, ప్లేటు రెండింతలు వేయించి, చాసిస్‌కి వెల్డింగ్ కాకుండా బోల్టులతో బిగించాల్సి వచ్చింది. చాసిస్ మీద నేరుగా వెల్డింగ్ వేసిన బండి కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దనండి.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. సైన్యం పాత బండ్లు ఎక్కువగా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఆన్‌లైన్ వేలంలో పోతాయి. అక్కడ సరుకు ఉన్నది ఉన్నట్టే, తర్వాత అడగడానికి ఉండదు. సైన్యం చేతిలో ఉన్నంతకాలం బండికి మన ఆర్టీఓ రిజిస్ట్రేషన్ ఉండదు. రక్షణ పనులకు వాడటం మానేశాక 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం మామూలు బండిలాగే రిజిస్టర్ చేయించాలి. అప్పుడు సైన్యం ఇచ్చిన ఫారం 21 సేల్ సర్టిఫికెట్ ఒరిజినల్ అడుగుతారు. జిరాక్స్ చూపించి "అన్నా, ఒరిజినల్ తర్వాత పంపిస్త" అనే బ్రోకర్ దగ్గర అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. చాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, వచ్చిన నంబర్ సర్టిఫికెట్‌తో అక్షరం అక్షరం కలుస్తుందో లేదో మీరే చూసుకోండి. పాత ఆర్మీ నంబర్ ఎక్కడైనా మిగిలి ఉంటే బాణం గుర్తు తర్వాతి రెండు అంకెలు చూడండి. సైన్యం ఆ బండిని తీసుకున్న సంవత్సరం అదే. అమ్మేవాడు చెప్పే వయసుకూ దానికీ పొంతన కుదరాలి.

ఆర్‌సీలో గూడ్స్ అని ఉండి పైన క్రేన్ ఉంటే చెక్‌పోస్టుల దగ్గరా, ఇన్సూరెన్స్ దగ్గరా తిప్పలు తప్పవు. రికవరీ బండిగా మార్పు రాయించి ఉన్నదే తీసుకోండి. మిలిటరీ పచ్చ రంగు అలాగే ఉంచుకుంటానంటే కుదరదు. ఆ ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకే, బయటివాళ్లు వేసుకోవడం నిషేధం. నాది పసుపు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, పదిహేనేళ్లు దాటితే ఆ ఫీజు కూడా బాగా ఎక్కువ. ధర మాట్లాడే ముందే ఈ లెక్క వేసుకోవాలి.

ఇక బండి చూడటం. మీటర్‌లో కిలోమీటర్లు తక్కువ ఉన్నాయని సంబరపడొద్దు. మిలిటరీ బండి తిరిగి పాడవడం తక్కువ, నిలబడి పాడవడం ఎక్కువ. వేలానికి ముందు ఏళ్ల తరబడి ఎండలో ఉంటుంది. రబ్బరు అన్నది ఎక్కడుంటే అక్కడ ఎండిపోయి ఉంటుంది. గాలి బలంతో బ్రేకులను నడిపే బూస్టర్లలో రబ్బరు డయాఫ్రమ్‌లు, గాలి పైపులు, చక్రం మధ్యలో గ్రీజు కారకుండా ఆపే హబ్ సీళ్లు అన్నీ. టైర్ గట్లు కొత్తవాటిలా మెరుస్తాయి, పక్క గోడ మీద వేలు పెట్టి వంచితే సన్నటి పగుళ్లు బయటపడతాయి. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. 2311 అని ఉంటే 2011లో 23వ వారంలో తయారైందని అర్థం. ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేకు ట్యాంకులో గాలి నిండాక ఆపి, టీ తాగి రండి. వచ్చేసరికి గేజ్ ముల్లు బాగా పడిపోయి ఉంటే గాలి లీకు ఎక్కడో వెతకాలి.

ఇంజన్ గురించి నాకు పెద్ద భయం లేదు. నా బండిలో ఉన్నది హీనో డిజైన్ ఆరు సిలిండర్ల ఇంజన్. లేలాండ్ లారీల్లో ఏళ్లుగా తిరిగిన రకం, మన ఆటోనగర్ మేస్త్రీలు కళ్లు మూసుకుని విప్పి బిగిస్తారు. అసలు బండి విలువంతా ముందు హౌసింగ్ (ముందు చక్రాలను తిప్పే ఇరుసు), ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే గేర్‌పెట్టె)లో ఉంది. ఆ సామాను వరంగల్ షాపుల్లో దొరకదు. పాత మిలిటరీ బండ్లు విప్పి అమ్మేవాళ్ల దగ్గర వెతుక్కోవాలి. కొందరు డీజిల్ మిగులుతుందని ముందు ఇరుసుకు బలం తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ తీసేస్తారు, అది పోయాక అలాగే అమ్మేస్తారు. కాబట్టి బండి కిందికి దూరండి. షాఫ్ట్ ఉందా, జాయింట్లు ఊగుతున్నాయా చూడండి. స్టీరింగ్ చివరిదాకా తిప్పి, లో రేంజ్‌లో (బలం ఎక్కువ, వేగం తక్కువ ఇచ్చే గేరులో) మెల్లగా కదిలించమనండి. ముందు చక్రాల దగ్గర టకటకమని చప్పుడొస్తే లోపలి జాయింట్లు అరిగినట్టే. తారు రోడ్డు మీద ట్రయల్ ఇచ్చి సరిపెట్టేవాడిని తడి పొలంలోకి దింపమని అడగండి. దింపనంటే ఎందుకు దింపనంటున్నాడో ఆలోచించండి.

పనిలో ఇది ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. రామప్ప చెరువు ఆయకట్టులో యాసంగి కోతలప్పుడు టైర్ల వరికోత మిషన్ ఒకటి దిగబడింది. నల్లమట్టి, కింద నీటి ఊట. రెండు ట్రాక్టర్లు కట్టి గుంజితే అది ఇంకా కిందికి పోయి ఇరుసు నేలకానింది. నేను బండిని పొలంలోకి దింపలేదు. బాట మీద గట్టి నేల చూసి నిలబెట్టి, చక్రాలకు మొద్దులు వేశాను. రోప్‌ని మిషన్ దగ్గరికి తీసుకెళ్లి, అక్కడ కప్పి కట్టి, కప్పిలోంచి తిప్పి కొసను మళ్లీ బండికే వేశాను. అలా కడితే వించ్ బలం దాదాపు రెండింతలవుతుంది, వేగం సగమవుతుంది. దిగబడ్డ బండికి ఆ నెమ్మదే కావాలి. చక్రాల ముందు మట్టిని పారతో ఏటవాలుగా తీయించాక మొదలుపెట్టాం. చాలాసేపు ఏమీ కదల్లేదు. రోప్ బిగిసి సన్నగా కిర్రుమంటోంది, దాని మీద వేసిన తడి గోనెసంచిలోంచి నీళ్లు చుక్కలుగా కారుతున్నాయి. ఆ తర్వాత బురద ఒక్కసారిగా గాలి వదిలినట్టు చప్పుడు చేసింది, మిషన్ జానెడు ముందుకొచ్చింది. "ఆపకు అన్నా, అట్లనే గుంజు" అని రైతు అరిచాడు. కానీ ఆపి, కప్పి హుక్కు ఒకసారి చూసుకునే మళ్లీ గుంజాను.

రోప్ గురించి ఒక మాట. వించ్ డ్రమ్ము మీద చుట్లు తగ్గేకొద్దీ బలం పెరుగుతుంది, అందుకే దూరం నుంచి గుంజడం మంచిది. కానీ చివరి నాలుగైదు చుట్లు ఎప్పుడూ డ్రమ్ము మీద ఉండాల్సిందే. తీగలు తెగి ముళ్లలా లేచిన రోప్‌ని ఒక్కరోజు కూడా వాడకూడదు. తెగిన రోప్ కాళ్లు నరికేస్తుంది. చూడటానికి వచ్చిన జనాన్ని దూరంగా పంపకుండా నేను లివర్ మీద చెయ్యి వేయను.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు, నీళ్లు తీశాక వాగుల పక్కన ట్రాక్టర్లు, ఆటోలు, ట్రాలీలు ఇసుకలో సగం పూడుకుపోయి ఉన్నాయి. మామూలు క్రేన్లు ఆ బాటల్లోకి రాలేకపోయాయి. ఇది వెళ్లింది. ఆ వారం చూశాక బండి మీద నాకు గౌరవం పెరిగింది. మేడారంలో జంపన్న వాగు ఇసుకలో కార్లు తీయడం దీనికి చిన్న పని. టైర్లలో గాలి కాస్త తగ్గించి దిగితే చాలు.

రోడ్డు మీద మాత్రం వేరే కథ. ఖాళీగా వెళ్తే లీటరుకు నాలుగు కిలోమీటర్ల లోపే. క్యాబిన్‌లో చప్పుడుకు పక్కనున్నవాడి మాట వినపడదు. లారీ ముందు భాగాన్ని బూమ్‌కి వేలాడదీస్తే మన బండి ముందు భాగం తేలికై స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. ముందు బంపర్ మీద ఇనుప బరువు వేయించాను, అయినా లోడు లారీని ఎత్తి లాగను. సరుకు దింపించాకే. లాగే లారీ ప్రొపెల్లర్ షాఫ్ట్ తప్పకుండా విప్పాలి. ఇంజన్ ఆగి ఉంటే గేర్‌బాక్స్ లోపల ఆయిల్ సరిగా అందదు, చక్రాలు తిరిగేకొద్దీ లోపల కాలిపోతుంది. గాలి లేకపోతే వెనక బ్రేకులు పట్టేసి ఉంటాయి. మన బండి నుంచి పైపు ఇచ్చి గాలి నింపాలి, లేదా బూస్టర్ బోల్టు తిప్పి స్ప్రింగ్ వదులు చేయాలి. ఇదంతా చేసి కాజీపేట దాటేసరికి, ఫ్లాట్‌బెడ్ (చెడిపోయిన బండిని పైకెక్కించుకుని తీసుకెళ్లే లారీ) ఉన్నవాడు జనగామలో దించేసి తిరిగొస్తుంటాడు. కారు పని అయితే నేనే ఫ్లాట్‌బెడ్ వాళ్ల నంబర్ ఇస్తాను.

నర్సంపేట, పరకాల, ఏటూరునాగారం వైపు పొలాలు, వాగులు, ఇసుక బాటలు మీ గిరాకీ అయితే ధైర్యంగా కొనండి. కొన్న ధరలో మూడో వంతు రబ్బరు సామాను, రోప్, బ్రేకుల కోసం పక్కన పెట్టుకోండి. వీలైతే ముందు హౌసింగ్ సామాను ఒక సెట్ ముందే కొని షెడ్డులో వేసుకోండి, అవసరం వచ్చాక వెతికితే సీజన్ అయిపోతుంది. నా బండి అమ్మమని ఈ మధ్య ఇద్దరు అడిగారు. అమ్మడం లేదు. రోహిణి కార్తె లోపు ముందు హబ్ సీళ్లు మార్చి కొత్త రోప్ ఎక్కించాలి, మేస్త్రీకి నిన్ననే అప్పగించాను.